దోహా బడి నుంచి దుండిగల్‌కి

దోహాలో అబు హమూర్ వైపు ఉన్న ఒక సీబీఎస్ఈ బడిని చూడటానికి వెళ్లాను. నేను ముఖ్యంగా గమనించింది పదో తరగతి దాటి గ్రూపు ఎంచుకునే పిల్లల్ని. డిసెంబర్ 18న ఖతర్ జాతీయ దినోత్సవం నాడు కార్నిష్ మీదుగా రఫేల్, ఎఫ్-15, టైఫూన్ విమానాలు దూసుకుపోతుంటే తలెత్తి చూసే పిల్లలు వీళ్లు. కానీ చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టు కాబట్టి, ఆ కాక్‌పిట్ కల నిజం కావాలంటే దారి మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకే పోవాలి. ఆ దారికి అడ్డం పడేది నాన్న చేసే ఉద్యోగం కాదు, సమయానికి తెలియని సమాచారం. ఈ బడి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇదే.

నిబంధనలే ఇందుకు సాక్ష్యం. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) ద్వారా వైమానిక దళానికి వెళ్లాలంటే పన్నెండో తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. డిగ్రీ తర్వాత వైమానిక దళ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి ఫ్లయింగ్ బ్రాంచికి వెళ్లాలంటే వయసు 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. డిగ్రీ కామర్స్‌లోనో సాహిత్యంలోనో ఉన్నా ఫరవాలేదు; పన్నెండులో మ్యాథ్స్, ఫిజిక్స్ మాత్రం తప్పనిసరి. అంటే పదహారేళ్లకు పెట్టిన ఒక టిక్కు ఎనిమిదేళ్ల తర్వాతి అర్హతను నిర్ణయిస్తుంది. సైనిక కుటుంబం, సైనిక స్కూలు, ఎన్‌సీసీ సర్టిఫికెట్ లాంటివి ఈ జాబితాలో లేవు. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో ఎన్డీఏ తలుపు ఆడపిల్లలకూ తెరుచుకుంది. 2025 మేలో పదిహేడు మంది అమ్మాయిలు అక్కడి నుంచి పట్టాలతో బయటికొచ్చారు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో టీ కొట్టు నడిపే తండ్రి కూతురు ఆంచల్ గంగ్వాల్ 2020 జూన్‌లో దుండిగల్‌లోనే వైమానిక దళ అధికారిణి అయ్యారు.

అందరికీ ఇలా ఆశ పెట్టడం సరికాదని కొందరంటారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. రాతపరీక్ష తర్వాత జరిగే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలు దాటాక, పైలట్ కావాలనుకునేవాళ్లకు వేరే పరీక్ష ఉంటుంది. ముందు గడియారాల్లాంటి డయళ్ల బొమ్మలు చూసి విమానం ఏ వైపు ఒరిగిందో, ఎక్కుతోందో దిగుతోందో చెప్పాలి. తర్వాత చేతిలో స్టిక్కుతో, కాళ్ల కింద పెడళ్లతో, తెర మీద జారిపోయే చుక్కను నడిమి గడి దాటకుండా నిలపాలి. ఈ పరీక్షకు జీవితంలో ఒక్కటే అవకాశం. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాళ్ల పొడవు, కంటి చూపు, రంగుల గుర్తింపు అన్నీ కొలుస్తారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయినా ఈ హద్దుల్ని ముందే చెప్పడం ఆశ పెట్టడం అవదు, పిల్లలకు చేసే న్యాయమవుతుంది. పద్నాలుగేళ్లకే కంటి పరీక్ష చేయించుకుంటే ఏ దారి మూసుకుందో, గ్రౌండ్ డ్యూటీ లాంటి ఏ దారి తెరిచి ఉందో తెలిసిపోతుంది.

ఖర్చు సంగతేమిటన్నది మరో సందేహం. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు లక్షలు పోయాలి, నిజమే. వైమానిక దళంలో శిక్షణ ఖర్చు ప్రభుత్వానిది. గల్ఫ్ కుటుంబానికి అసలు భారం విమానం టికెట్టు, ఎందుకంటే ఎన్డీఏ, ఏఎఫ్‌క్యాట్ రాతపరీక్షలకు ఇండియా వెళ్లాల్సిందే. నీట్‌కు 2022లో దోహాలోనే కేంద్రం పెట్టారు. డాక్టరు కావాలనుకునే బిడ్డకు ఇచ్చిన వెసులుబాటు దేశానికి పైలట్ కావాలనుకునే బిడ్డకు ఎందుకు ఉండకూడదు? ఎస్ఎస్‌బీకి ఎలాగూ ఇండియా రావాలి కదా అనవచ్చు. కానీ అది రాతపరీక్ష నెగ్గినవాళ్ల ప్రయాణం. నెగ్గుతామో లేదో తెలియని దశలోనే టికెట్టు కొనమనడం, తక్కువ జీతం ఉన్న ఇంటిని మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తుంది.

ఇంకో సంగతి మరవకూడదు. ఖతర్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఒక హద్దు దాటాలి. అందుకే ఇక్కడి నిర్మాణ కూలీల పిల్లలు ఈ బడిలో కనిపించరు. వాళ్లు జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల్లో అమ్మమ్మల దగ్గర ఇంటర్ చదువుతుంటారు. దోహా బడికి చెప్పాల్సిన మాటే అక్కడి జూనియర్ కాలేజీకీ చెప్పాలి. గ్రూపు ఎంచుకునే ముందే ఎన్డీఏ, ఏఎఫ్‌క్యాట్ నిబంధనలు ప్రతి విద్యార్థికీ తల్లిదండ్రుల ఎదుట చదివి వినిపించాలి. గల్ఫ్‌లో రాతపరీక్ష కేంద్రం కోసం తెలుగు సంఘాలు రాయబార కార్యాలయాన్ని అడగాలి. అర్హత లేక ఆగిపోతే ఒప్పుకోవచ్చు. ఎవరూ చెప్పక ఆగిపోతే ఆ తప్పు పెద్దవాళ్లది.