పాత బొమ్మ మీద కొత్త తోలు

బెంగళూరు నుంచి ధర్మవరం వైపు వెళ్లే రైలు దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు దాటిందంటే కిటికీలో రంగు మారుతుంది. తోటలు పలచబడతాయి. ఎర్రమన్ను, గుండ్రాళ్ల గుట్టలు, అక్కడక్కడా చింతచెట్టు. హిందూపురంలో దిగేవాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు. నా సామాను ఎంతో లేదు. ఒక గుడ్డసంచిలో మా గురువుగారి ఉలులు, రెండు దళసరి అట్టల మధ్య ఆయన చేసిన జుట్టుపోలిగాడు. తోలుబొమ్మను చుట్టకూడదు, మడవకూడదు. అందుకే దారి పొడుగునా ఆ అట్టల్ని ఒళ్లోనే పెట్టుకున్నాను.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు పోలిగాణ్ణి పరిచయం చెయ్యక్కర్లేదు. రాముడు అడవికి పోతున్నాడని జనం కళ్లొత్తుకునే వేళకు తెర మీదికి ఊడిపడతాడు. బంగారక్కతో తగువు పెట్టుకుంటాడు, ఊరి పెద్దల్ని ఏకిపెడతాడు, నాలుగు మోటు మాటలాడి నవ్వించి పోతాడు. కేతిగాడు, అల్లాటప్పగాడు ఆ జట్టులోవాళ్లే. రామాయణ భారతాలు తెల్లవార్లూ ఆడుతుంటే జనాన్ని నిద్రపోనివ్వని బాధ్యత వీళ్లది.

మా గురువుగారు ఆటగాళ్ల ఇంట్లో పుట్టారు. ఊరూరా తిరిగే మేళం ఆగిపోయాక అనంతపురంలో ఒక ఇరుకు సందులో చేరి, తోలుతో లాంప్‌షేడ్లు చేసుకుంటూ బతికారు. నేను చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని తోలు కొయ్యడం నేర్చుకున్నాను. ఆ చదువే ఇప్పుడు నాకు బళ్లో డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగమై కూడు పెడుతోంది. పోయిన వానాకాలంలో ఆయన వెళ్లిపోయారు. బెంగళూరులో ఆటో నడుపుతున్న ఆయన కొడుకు నన్ను పిలిచి, "ఇవి నీకియ్యమని చెప్పినాడన్నా నాయన" అంటూ సంచీ, బొమ్మా చేతిలో పెట్టాడు.

పోలిగాడి పని అయిపోయింది. తోలు గోధుమరంగుకు తిరిగింది, కుడిభుజం దగ్గర చిరిగి చెయ్యి వేలాడుతోంది. కొత్తది చెయ్యాలి. గీత నాకు వచ్చు, తోలు సిద్ధం చెయ్యడమూ వచ్చు. రానిదల్లా ఒక్కటే, ఆ చేతిని భుజానికి ఎక్కడ కట్టాలో. కీలు ఉండాల్సిన చోటే చిరిగిపోయింది మరి. బతికున్నన్నాళ్లూ ఆయన్ని నేను అడిగింది గీత గురించే. కీలు ఆయనే కట్టేవారు. అందుకే ఇప్పుడు తోలుబొమ్మలు చేసేవాళ్ల ఊరు నిమ్మలకుంటకు ప్రయాణం.

హిందూపురంలో దిగి ముందు లేపాక్షికి బస్సెక్కాను. పదిహేను కిలోమీటర్లు. వీరభద్రాలయానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వేలాడే స్తంభం దగ్గర చేరి, దాని కిందనుంచి తువ్వాలు లాగి చూసి సంబరపడతారు. నన్ను మాత్రం గురువుగారు మొదటిసారి తీసుకొచ్చినప్పుడు నేరుగా మండపంలోకి తీసుకెళ్లి, తల పైకెత్తమన్నారు. అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, విరుపణ్ణ కట్టించిన గుడి ఇది. మండపం కప్పు నిండా ఆనాటి చిత్రాలు. శివపార్వతుల కల్యాణం, కిరాతార్జునీయం, పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకున్న మగవాళ్లు, అంచుల చీరల్లో ఆడవాళ్లు. కొన్నిచోట్ల గచ్చు రాలిపోయింది. ఉన్నంతలో కాషాయపు నేల, దాని మీద తడబాటు లేని నల్లగీత.

"రంగు తర్వాత చూద్దువు, ముందు నలుపు చూడు" అనేవారు ఆయన. నలుపు వెంట కన్ను నడిపిస్తే తెలుస్తుంది, మొన తేలిన ముక్కు, చెవి వైపు సాగిన కన్ను, బిగించి కట్టిన నడుము, ఇవన్నీ మా బొమ్మల్లోనూ ఉన్నవే. లేపాక్షి చిత్రాలకూ ఈ ప్రాంతపు తోలుబొమ్మలకూ ఉన్న చుట్టరికం గురించి కళాచరిత్ర తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఈసారి నేను చూసింది తేడాని. కప్పు మీద చిత్రానికి వెలుగు ముందునుంచి పడాలి. తోలుబొమ్మకు వెలుగు వెనకనుంచి రావాలి. కప్పు మీద ముత్యాలహారం కావాలంటే తెల్లరంగు చుక్కలు పెడితే సరిపోతుంది. తోలు మీద ఒక్కో ముత్యానికీ ఉలి దెబ్బ కొట్టి రంధ్రం చెయ్యాలి. తెర మీద మెరిసే నగలన్నీ నిజానికి తోలు లేని చోట్లే. అదీగాక, కప్పు మీది అర్జునుడు ఐదు వందల ఏళ్లుగా ఒకే భంగిమలో ఉన్నాడు. మా పోలిగాడు చెయ్యెత్తి కొట్టాలి.

మళ్లీ హిందూపురం వచ్చి రైలెక్కితే పెనుకొండ కోట కిటికీలోంచే కనిపిస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. ఆటను ఆదరించిన రాజులు పోయాక దాన్ని సాకింది ఊళ్లే. వాన రాకపోతే మేళాన్ని పిలిపించి ఆడించేవాళ్లు, విరాటపర్వం ఆడితే చినుకు పడుతుందని నమ్మకం. ఈ సీమలో వానల కరువు వల్లే మేళాలకు పని ఉండేదని గురువుగారు నవ్వుతూ అనేవారు. ధర్మవరం చేరేసరికి చీకటిపడింది. పట్టుచీరల ఊరు, బస్టాండు పక్క సందుల్లోకీ మగ్గాల చప్పుడు వినిపిస్తుంది.

పొద్దున్నే ఆటోలో నిమ్మలకుంట. ఊళ్లోకి వెళ్తూనే కొన్ని ఇళ్ల ముందు గోడలకు ఆనించిన చట్రాలు, వాటికి నలువైపులా లాగి కట్టిన మేకతోళ్లు ఎండకు ఆరుతూ కనిపించాయి. ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఊళ్లో కళాకారుల ఇళ్లలో పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకునేది మరాఠీ కలిసిన భాష. పూర్వీకులు మహారాష్ట్ర వైపునుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో ఆ మాట, తెర వెనక తెలుగు పద్యం.

నేను వెళ్లిన ఇంట్లో మగవాళ్లు తోలు గీకుతుంటే, వసారాలో ఆడవాళ్లు రంగులు వేస్తున్నారు. ఇంటి యజమాని ముప్పై ఏళ్లవాడు, చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది. తోలును ఇక్కడ చెప్పుల తోలులా పదును చెయ్యరు. పదును చేస్తే మెత్తబడుతుంది గానీ వెలుగును ఆపేస్తుంది. పచ్చితోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, లోపలి వైపు మాంసపు పొరను కత్తితో పలచగా గీకి, లాగి కట్టి ఎండబెడతారు. ఎండిందంటే అటువైపున్న చెయ్యి ఇటువైపు నీడగా కనిపించాలి. కత్తి కాస్త లోతుకు దిగితే చిల్లు పడుతుంది, పైపైన పోతే మబ్బుగా మిగిలిపోతుంది. పూర్వం దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ మాటే లేదు, ఇప్పుడు రాముడైనా రావణుడైనా మేకతోలే. నిలువెత్తు బొమ్మకు నాలుగు తోళ్లయినా పడతాయి.

కొత్త తోలు సిద్ధంగా ఉంది. మా పోలిగాణ్ణి చెక్క మీద పడుకోబెట్టి, దాని మీద ఆ తోలు పరిచాం. కింది గీత పైకి కనబడింది. గురువుగారు ఎక్కడ ఉలి ఆపారో, పిలక దగ్గర గీతను ఎక్కడ విసురుగా తిప్పారో, నడుం దగ్గర రంధ్రాలను ఎందుకు కాస్త ఎడంగా కొట్టారో, అన్నీ. ఇనుప మొనతో ఆ గీత వెంటే పోయాను. ఆయన కూడా తన తండ్రి చేసిన బొమ్మ మీద తోలు పరిచే ఇది గీశారు. ఆ తండ్రికి ముందు ఇంకెవరో. ఈ విద్యకు పటాల పుస్తకం లేదు. పాత బొమ్మే కొత్త బొమ్మకు పుస్తకం, తోలు పలచన కాబట్టే అది సాధ్యం.

అంతవరకూ బాగానే జరిగింది. కుడిచెయ్యి విడిగా కోసి భుజం దగ్గర పెట్టి, "కీలు ఎక్కడ?" అని అడిగాను. ఆ యువకుడు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేము కీళ్లు కట్టేది తక్కువయిపోయింది సార్. వచ్చే ఆర్డర్లన్నీ లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. వాటికి కీలుతో పనేముండాది?"

లాంప్‌షేడ్లను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మా గురువుగారు కూడా "దాని లోపల ఉండేదీ దీపమే గదప్పా" అనేవారు. ఆటకు పిలిచేవాళ్లు లేని కాలంలో ఈ ఇళ్లలో పొయ్యి వెలిగించింది అవే. తోలు గీకే చెయ్యి, ఉలి పట్టే చెయ్యి, వెదురు కుంచె పట్టే చెయ్యి, అన్నింటికీ ఇప్పటికీ సాధన ఉందంటే ఆ పుణ్యమే. గీత మిగిలింది, రంధ్రం మిగిలింది, రంగు మిగిలింది. కానీ లాంప్‌షేడ్ మీది నెమలి ఎగరనక్కర్లేదు. బొమ్మకు కదలిక అక్కర్లేదన్నప్పుడు చేతిపనిలోంచి మొదట జారిపోయేది కీలు. అది పోయినట్టు చూసేవాళ్లకు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే గోడ మీద బొమ్మ ఎప్పటిలాగే అందంగా ఉంటుంది.

"అవ్వను పిలుస్తా ఉండండి సార్" అని అతను లోపలికి వెళ్లాడు. వచ్చినావిడ తన కాలంలో మేళంతో తిరిగి బంగారక్కకు గొంతిచ్చినావిడ. ఈ ఆటలో ఆడపాత్రలకు ఆడవాళ్లే పాడతారు, కుటుంబమంతా కలిస్తేనే మేళం. అవ్వ అద్దాలు పెట్టుకుని పాత బొమ్మను చేతిలోకి తీసుకుంది.

"మా పోలిగాడు! యాడున్నాడప్పా ఇన్నాళ్లు?"

నా కొత్త చేతిని భుజం మధ్యలో పెట్టి చూపించాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఆడ కట్నావంటే చెయ్యి తలకాయకు తగిలి నిలబడిపోతాది. ఎనక్కి జరుపు, వీపు అంచుకు. ముడి బిగించాకు, దారం ఆడాల. పోలిగాడు కొట్టేది చెయ్యి ఎత్తినప్పుడు కాదు నాయనా, పుల్ల వదిలేసినప్పుడు. దాని బరువుకు అదే పడాల."

సూదితో అక్కడ గుచ్చి, దారం వదులుగా ముడేసింది. నడుమ చీల్చిన వెదురు బద్దను ఎడమచేత్తో, చేతికి కట్టిన పుల్లను కుడిచేత్తో పట్టుకుంది. తెర లేదు, దీపం లేదు, పట్టపగలు. కాలితో నేల మీద ఒక్క దెబ్బ వేసింది. తెర వెనక ఆ దెబ్బ కోసమే పాదం కింద చెక్క పెట్టుకుంటారు. ఆ దెబ్బతో పాటే పోలిగాడి చెయ్యి వెనకనుంచి ముందుకు వచ్చి పడింది. వెంటనే బంగారక్క గొంతు, తిట్ల దండకం. వసారాలో రంగులు వేస్తున్న కోడళ్లు కుంచెలు వదిలేసి నవ్వారు. మనవడు మాత్రం నవ్వలేదు, అవ్వ చేతి వంకే చూస్తున్నాడు. ఆవిడ ఆపగానే "ఇంగోసారి కట్టి చూపీ" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నేను ఇన్నాళ్లూ నేర్చుకున్నది సగమేనని. చూసి గీసుకుంటే వచ్చేది గీత. కీలు ఎక్కడో తెలియాలంటే ఆట ఆడాలి, చెయ్యి ఎంత పైకి లేస్తే జనం నవ్వారో, ఎక్కడ తట్టుకుంటే నవ్వు చచ్చిపోయిందో గుర్తుండాలి. తోలు ఎంత పలచనైనా ఆ లెక్క ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి దిగదు. మనిషి పక్కన మనిషి కూర్చోవాలి.

పాత బొమ్మను ఏం చెయ్యమంటావని అవ్వను అడిగాను.

"మా పెద్దోళ్లయితే పనికిరాని బొమ్మను ఏట్లో ఇడిసేవాళ్లు. ఇప్పుడు చిత్రావతిలో నీళ్లు యాడుండాయి?" అంది. ఆ పక్కనే పారాల్సిన నది ఏడాదిలో చాలా రోజులు ఇసుకే. నాకూ వదిలే తొందర లేదు. దాని మీద ఇంకా చాలా తోళ్లు పరవాల్సి ఉంది.

బళ్లో నా పాఠం తిరగేశాను. ఇదివరకు పిల్లలకు ముందు బొమ్మ గీయించి, రంగు వేయించి, చివర్లో వీలుంటే కదిలించేవాణ్ణి. ఇప్పుడు మొదటి పాఠమే కీలు. అట్టముక్కలతో ఒళ్లూ, చెయ్యీ కోసి, దారం ఎక్కడ కడితే చెయ్యి దానంతటదే పడుతుందో వెతకమంటాను. దొరికినవాళ్లకే ఉలి. గురువుగారి బొమ్మల మీద సంతకం ఉండదు, ఈ ఆటలో ఎవరూ పెట్టుకోరు. పుల్ల వదిలేయగానే చెయ్యి సరిగ్గా పడిందా, అదే ఆయన గుర్తు.

శివరాత్రికి బళ్లో ఒక గంట ఆట పెట్టాలనుకుంటున్నాం. బంగారక్క గొంతు కోసం అవ్వకు ఫోన్ చేశాను. ఛార్జీలూ, ఆకూవక్కా నేనే పెట్టుకోవాలట, తెర వెనక కూర్చోవడానికి మంచి చాప కావాలట. "పోలిగాని గొంతు మాత్రం నన్ను అడగాకు. అది మీ పిల్లోల్లే నేర్చుకోవాల. తిట్లు తప్పు పోతే నేను మధ్యలోనే లేచి వస్తా" అంది. ఆరో తరగతిలో ఇద్దరు రోజూ మధ్యాహ్నం భోజనాల గంటలో తిట్లు సాధన చేస్తున్నారు. హెడ్మాస్టరు గారికి ఇంకా చెప్పలేదు.