లెక్క తప్పింది నేనే

మా అమ్మాయి సివిల్స్‌కి చదువుతోందని చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లు పెద్దవవుతాయి. "అబ్బో, కలెక్టరమ్మ అవుతుందన్నమాట!" అంటారు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. "ఎన్నోసారి?"

ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేక నేను పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం తగ్గించుకున్న మాట నిజం. కానీ ఆ ప్రశ్న అందరికంటే ఎక్కువగా మా అమ్మాయిని అడిగింది నేనే. అదీ తెలిసీ తెలియని లెక్కతో. ఆ సంగతే మీతో పంచుకుందామని రాస్తున్నాను.

మా అన్నయ్య 1990ల మొదట్లో ఈ పరీక్ష రాశాడు. అప్పట్లో మాలాంటివాళ్లని నాలుగుసార్లకు మించి రాయనిచ్చేవారు కాదు. నాలుగోసారీ పోయాక పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో సర్దేసి బడిపంతులుగా చేరిపోయాడు. ఆ పెట్టె మా పుట్టింటి అటక మీద ఇప్పటికీ ఉంది. అందుకని నా బుర్రలో సివిల్స్ అంటే నాలుగు, నాలుగంటే సివిల్స్. ఈ ముప్ఫై ఏళ్లలో రూల్స్ మారి ఉంటాయన్న ఆలోచనే నాకు రాలేదు.

మాది హనుమకొండ. మావారిది చిన్న ఉద్యోగం. అమ్మాయి డిగ్రీ అయ్యాక 2022లో మొదటిసారి రాసింది, ప్రిలిమ్స్ దాటలేదు. 2023లోనూ అంతే. ఇలా కాదని హైదరాబాదు అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి పంపాం. విచిత్రం చూడండి, ఈ పరీక్ష రాయడానికి ఆడపిల్లలకి ఫీజే లేదు. కోచింగ్‌కి మాత్రం లక్షా నలభై వేలు! పేపర్లో వాళ్ల ప్రకటన చూసే చేర్పించాం. పెద్ద ర్యాంకు తెచ్చుకున్న ఒకమ్మాయి ఫోటో వేసి "మా విద్యార్థిని" అని రాశారు. నా నాలుగు గాజులూ బ్యాంకులో తాకట్టు పెట్టి ఫీజు కట్టాం. తీరా చేరాక తెలిసింది, ఆ ర్యాంకరు అక్కడ చేసింది ఇంటర్వ్యూ ముందు నాలుగు రోజుల తర్ఫీదు మాత్రమేనని!

ఇప్పుడైతే దీనికీ రూల్స్ వచ్చాయి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకరు ఫోటో వాడుకోవాలంటే ఫలితాలు వచ్చాక వాళ్ల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఏ కోర్సు చదివారో, ఎన్నాళ్లు చదివారో, డబ్బు కట్టి చదివారో లేదో కూడా ప్రకటనలో చెప్పాలి. మోసపోయామనిపిస్తే 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. మేం గాజులు తాకట్టు పెట్టిన నాటికి ఇవేవీ లేవు.

2024 జూలై ఒకటిన ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. మా అమ్మాయి పాసయింది! ఇంట్లో పాయసం చేశాను. అదే నెల 20న తెలంగాణ ప్రభుత్వం "రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం" అనే పథకం మొదలుపెట్టింది. సింగరేణి సంస్థ నిధులతో నడిచే పథకం. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, ప్రిలిమ్స్ పాసయిన రాష్ట్రం పిల్లలకి మెయిన్స్ చదువుకోవడానికి లక్ష రూపాయలు ఇస్తారన్నారు. మావారు కాగితాలన్నీ పట్టుకుని తిరిగారు.

ఆ వారమే ఢిల్లీలో ఘోరం జరిగింది. జూలై 27న ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటరు సెల్లార్లోకి వాననీళ్లు ముంచుకొచ్చి, అక్కడి లైబ్రరీలో చదువుకుంటున్న ముగ్గురు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. టీవీలో చూస్తుంటే నా కాళ్లూ చేతులూ ఆడలేదు. వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి "నువ్వు చదువుకునే హాలు ఎక్కడుంది?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "మెట్లు దిగి వెళ్లేదేనమ్మా" అంది. మర్నాడే ఇంటికి వచ్చెయ్యమన్నాను. వచ్చి మా వెనకగదిలో కూర్చుని చదువుకుంది.

ఆగస్టులో చెక్కు చేతికొచ్చింది. వారం తర్వాత అది బజారుకెళ్లి వచ్చి "అమ్మా, చేతులు చాపు" అంది. చూస్తే నా గాజులు! అప్పు వడ్డీతో సహా తీర్చేసి, మిగిలిన కాస్త డబ్బుతో ఇంట్లోనే రాసే టెస్టులకి కట్టుకుంది. నేను సంతోషించాలా? కోప్పడ్డాను. "నీ చదువుకిచ్చిన డబ్బు నా చేతులకెందుకే?" అని అరిచాను. "ఆ గాజులు కూడా నా చదువుకిచ్చినవే కదమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది.

డిసెంబరులో మెయిన్స్ ఫలితాలు వచ్చాయి. దాని నంబరు లేదు.

అప్పుడు నేను ఓదార్చాల్సిన మాట మానేసి లెక్క మాట అన్నాను. "మూడు అయిపోయాయి. ఇంకొక్కటే మిగిలింది. అదే ఆఖరు" అని. అంతటితో ఊరుకోలేదు. మా ఆడపడుచు తెచ్చిన సంబంధం వాళ్లకి కూడా "వచ్చే మే నెల పరీక్షతో ఆఖరండీ, ఆ తర్వాత ఇంకేం లేదు" అని చెప్పించాను. అమ్మాయి ఆ మాట విన్నది, ఏమీ అనలేదు.

2025 జనవరిలో మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ ఏడాది నుంచి పద్ధతి మారింది. ఇదివరకు ప్రిలిమ్స్ పాసయ్యాక అడిగే వయసు, రిజర్వేషను సర్టిఫికెట్లు మొదటి దరఖాస్తుతోనే పెట్టాలన్నారు. మేం బీసీలం. ఇంట్లో ఉన్న బీసీ సర్టిఫికెట్ చాలనుకున్నాను. "అది రాష్ట్రానిది, పనికిరాదమ్మా. కేంద్రం నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ కావాలి, క్రీమీలేయర్లో లేమని ఉండాలి, అదీ కొత్త తేదీతో" అంది. మీసేవకీ తహసీల్దారు ఆఫీసుకీ నేనూ తిరిగాను. అసలు ఇంకేం కావాలో నేనే చూద్దామని కళ్లజోడు పెట్టుకుని ఆ నోటిఫికేషను కాగితాలు ముందేసుకున్నాను. అమ్మాయి పక్కన కూర్చుని తెలుగులో చెబుతోంది.

జనరల్ వాళ్లకి 32 ఏళ్ల వరకు ఆరు అవకాశాలు. ఓబీసీలకి 35 ఏళ్ల వరకు తొమ్మిది. ఎస్సీ, ఎస్టీలకి 37 ఏళ్ల వరకు లెక్కే లేదు. ఈడబ్ల్యూఎస్ వాళ్లకి సీట్లలో 10 శాతం ఉంది గానీ, వయసులో సడలింపు లేదు, వాళ్లకీ ఆరే.

"తొమ్మిదా! మరి నాలుగన్నారు కదా?" అన్నాను.

"నాలుగని ఎవరన్నారమ్మా? 2014లోనే మార్చారు. నీకు తెలుసనుకున్నాను. తెలిసే ఆఖరంటున్నావు, నా మీద విసిగిపోయావనుకున్నాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రూలు ప్రభుత్వానిదని చెప్పి, నా భయాన్ని దాని నెత్తిన రుద్దాను. ప్రభుత్వం తొమ్మిది ఇస్తే, నేను నాలుగే ఇచ్చాను. తెల్లారి ఆడపడుచుకి ఫోన్ చేసి "వదినా, నేను తప్పు చెప్పాను, వాళ్లని ఆగమని చెప్పు" అన్నాను. వాళ్లు ఆగలేదు, అది వేరే సంగతి.

2025 మే 25న పరీక్ష రాసింది. పోయింది. ఎన్ని మార్కుల్లో పోయిందో తెలియదు. ఒక కోచింగ్ వాళ్ల జవాబుల ప్రకారం పాసు, ఇంకొకరి ప్రకారం ఫెయిలు. యూపీఎస్సీ తన జవాబులు, మార్కులు అంతా ముగిశాక, అంటే దాదాపు ఏడాదికి గాని బయటపెట్టేది కాదు. ఆ అక్టోబరులో యూపీఎస్సీ సుప్రీంకోర్టుకి ఒక మాట చెప్పింది. ఇకమీదట ప్రిలిమ్స్ అయిన తర్వాతే తాత్కాలిక జవాబుల పట్టిక ఇస్తుందట, పిల్లలు అభ్యంతరాలు చెప్పుకోవచ్చట. ఇది చిన్న మార్పని మగవాళ్లు అనవచ్చు. ఫలితం కోసం ఎదురుచూసే పిల్లకి అన్నం పెట్టే తల్లిని అడగండి, చెబుతుంది.

దీపావళి వెళ్లాక ముగ్గురం కూర్చున్నాం. తొమ్మిది ఉన్నాయి కదా అని తొమ్మిదీ రాయాలా? ఆ లెక్క కూడా నిజమే కదా. 35 ఏళ్లు వచ్చేదాకా పుస్తకం తప్ప ఇంకేదీ లేకపోతే ఆ పిల్ల గతేమిటి? ఈసారి నేను చెప్పలేదు, అదే చెప్పింది. "ఇంకో రెండుసార్లు. ఈలోగా గ్రూప్స్ కూడా రాస్తాను, సాయంత్రాలు ట్యూషన్లు చెబుతాను." ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్ల వివరాలు, వాళ్లు ఒప్పుకుంటే, ఉద్యోగాలిచ్చే సంస్థలకి అందించే ఏర్పాటు కూడా యూపీఎస్సీలో ఉందట. 2025లో దానికి "ప్రతిభా సేతు" అని పేరు పెట్టారు. చదివిన చదువు వృథా పోదన్న ధైర్యం కొంత వచ్చింది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లలుంటే నాదొక్క మాట. పుస్తకాలు వాళ్లు చదువుతారు. ఆ ఏడాది నోటిఫికేషను మాత్రం ఒక్కసారి మీరూ చెప్పించుకు వినండి. ఏటా ఏదో ఒకటి మారుతుంది. సర్టిఫికెట్లు పండగ సరుకుల్లా ముందే తెచ్చి పెట్టుకోండి. దరఖాస్తు పెట్టి పరీక్షకి వెళ్లకపోతే అవకాశం లెక్కలోకి రాదు, ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరు రాసినా వచ్చేస్తుంది. ఒంట్లో బాగాలేని పిల్లని బలవంతంగా హాలుకి తోలేముందు ఇది గుర్తుంచుకోండి.

మొన్న ఒక పెళ్లిలో మళ్లీ ఒకావిడ అడిగింది, "ఎన్నోసారి?" అని. "నాలుగు అయ్యాయండీ, ఐదు మిగిలాయి. మేం రెండు చాలనుకున్నాం" అన్నాను. పక్కనే ఉన్న మా అమ్మాయి నా గాజులు సర్దుతూ నవ్వింది.