గసగసాలంత గోమారి

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో, న్యూహేవెన్ నగరానికి చేరువలో మా అమ్మాయి కాపురం. మే నెలలో అక్కడికి వెళ్ళాను. బెజవాడ ఎండల్లోంచి వెళ్ళినదాన్నేమో, ఆ పచ్చదనం చూసేసరికి కళ్ళు చల్లబడ్డాయి. పెరటి తలుపు తీస్తే అడవి. ఓక్ చెట్లు, మేపుల్ చెట్లు, వాటి మధ్య నాచు పట్టిన పాత రాతిగోడలు. తెల్లవారకముందే లేళ్ళు వచ్చి అమ్మాయి వేసిన మొక్కల చిగుళ్ళు మేసిపోయేవి.

“కణ్వాశ్రమంలో కాపురం పెట్టావే!” అన్నాను.

“ఆ లేళ్ళను చూసి మురిసిపోకమ్మా” అన్నది అమ్మాయి.

దీపాలు పెట్టే వేళకు ఆ ఇంట్లో ఒక తంతు జరిగేది. ఆరేళ్ళ మనవణ్ణి స్నానానికి ముందు నిలబెట్టి చెవుల వెనుక, చంకల్లో, బొడ్డులో, గజ్జల్లో, మోకాళ్ళ వెనుక, జుట్టు కుదుళ్ళలో వాళ్ళమ్మ వెతికేది. పేలు కాబోలు అనుకున్నాను. గోమార్లట! నాకు నవ్వొచ్చింది. మా పుట్టింట్లో పాడి ఉండేది. గేదెల చెవుల్లో పట్టిన గోమార్లను పీకి నిప్పుల్లో పారేసేవాళ్ళం. వాటికి భయపడిన వాళ్ళను నేనెరుగను. “పసివాణ్ణి ఊరికే హడలగొడుతున్నావు” అని అమ్మాయిని మందలించాను కూడా.

అమ్మాయి జవాబు చెప్పలేదు. ఆదివారం నాడు మమ్మల్నందరినీ కారెక్కించి తూర్పుగా బయలుదేరదీసింది. సముద్రతీరం వెంట సుమారు 30 మైళ్ళు పోయాక కనెక్టికట్ నది సముద్రంలో కలిసే చోటు వచ్చింది. వంతెన దాటితే ఓల్డ్ లైమ్. శుభ్రమైన చిన్న ఊరు. తెల్లని చర్చి, దాని కోసైన గోపురం, పెద్ద పెద్ద చెట్ల నీడలు. ఒకప్పుడు ఫ్లోరెన్స్ గ్రిస్వోల్డ్ అనే ఆవిడ తన ఇంట్లో చిత్రకారులకు బస ఇచ్చేదట. ఆ ఇల్లిప్పుడు చిత్రశాల. దానికి ఉత్తరాన లైమ్ అనే మరో ఊరు. ఇంత అందమైన ఊరి పేరు ఒక జబ్బుకు పెట్టారంటే నాకు కష్టమనిపించింది.

ఆ కథ నది ఒడ్డున కూర్చుని అమ్మాయి చెప్పింది. లైమ్ ఊళ్ళో పాలీ మరే అనే ఇల్లాలు ఉండేది. 1960ల నుంచీ ఆమెకూ, భర్తకూ, పిల్లలకూ ఒకరి తరవాత ఒకరికి దద్దుర్లు, జ్వరాలు, తలనొప్పులు, కీళ్ళవాపులు. ఎందరు డాక్టర్లకు చూపించినా అంతుపట్టలేదు. అంతా మనోభ్రాంతి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె మాత్రం ఎవరికి ఏ లక్షణం కనిపించిందో రాసుకుంటూ వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళలో పిల్లలకూ ఇదే బాధ అని తెలుసుకుని, వాళ్ళ జాబితా కూడా తయారుచేసింది. 1975లో ఆమె ప్రభుత్వ ఆరోగ్యశాఖకు కబురు చేసింది. ఓల్డ్ లైమ్ నుంచి జూడిత్ మెన్ష్ అనే మరో తల్లి కూడా అదే మొర పెట్టుకుంది.

యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి ఆ మాట చెవిని పెట్టాడు. మూడు ఊళ్ళలో కలిపి 51 మంది రోగులు తేలారు. అందులో 39 మంది పిల్లలే. చాలామంది అడవి పక్క ఇళ్ళవాళ్ళు. జబ్బు మొదలైంది వేసవిలో. కొందరికి కీళ్ళు వాచడానికి ముందు ఒంటి మీద ఎర్రని మచ్చ లేచి, పళ్ళెంలా విస్తరించింది. దానితో పురుగుకాటు మీద అనుమానం కలిగింది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు గోమారి కడుపులో మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. ఆయన పేరే దానికి పెట్టారు.

“మరి ఇంతకుముందు లేని జబ్బు అప్పుడెలా వచ్చిందే?” అన్నాను.

సూక్ష్మజీవి పాతదేనట. మారింది ఊరు. అడవిలో నేను చూసిన ఆ రాతిగోడలు ఒకప్పటి పొలాల గట్లు. రైతులు సేద్యం వదిలి వెళ్ళిపోయాక పొలాలు మళ్ళీ అడవులయ్యాయి. లేళ్ళు తిరిగొచ్చాయి. ఆ అడవి అంచున మనుషులు ఇళ్ళు కట్టుకున్నారు. పెద్ద గోమారి లేడి నెత్తురు తాగుతుందేగాని, జబ్బు లేడిది కాదు. తెల్లపాదాల అడవి ఎలుకది. గుడ్డులోంచి వచ్చిన గోమారి పిల్ల ఆ ఎలుకను కుట్టి సూక్ష్మజీవిని ఎక్కించుకుంటుంది. మరుసటి ఏడు గసగసం గింజంత అయి, గడ్డిపరక కొసన ముందుకాళ్ళు చాచి నిలబడుతుంది. ఎగరదు, దూకదు. రాసుకుంటూ పోయేవారిని పట్టుకుంటుంది.

అంతా విన్నాను. విన్నది మనసుకెక్కిందా? శుక్రవారం పొద్దున పూజకు పువ్వులు కావాలని మనవణ్ణి వెంటబెట్టుకుని రాతిగోడ దాకా వెళ్ళాను. ఊదారంగు అడవిపూలు కొంగునిండా కోసుకొచ్చాం. ఆ సాయంత్రం పిల్లవాడి మోకాలి వెనుక నల్లని చుక్క కనిపించింది. పుట్టుమచ్చ అనుకున్నాను. దానికి కాళ్ళున్నాయి.

నేను కిరసనాయిలుకూ అగ్గిపెట్టెకూ పరుగెత్తబోయాను. అమ్మాయి ఆపింది. నూనె పోయకూడదు, కాల్చకూడదు, నలపకూడదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగింది. సబ్బుతో కడిగి, క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసింది. వాడి బట్టలూ నా చీరా వేడి ఆరబెట్టే యంత్రంలో పడ్డాయి. తరవాత నన్నూ నిలబెట్టి వెతికింది!

సాధారణంగా గోమారి ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుంటేగాని లైమ్ జబ్బు ఎక్కదట. మాది పొద్దుటి కాటు. అయినా నెల రోజులు కనిపెట్టి ఉండాలన్నారు. మచ్చ లేవడానికి 3 నుంచి 30 రోజులు పడుతుంది. కొందరికి అసలు లేవదు. తొలినాళ్ళలో నెత్తురు పరీక్షకూ దొరకకపోవచ్చు. ప్రతి రాత్రీ దీపం పట్టుకుని ఆ మోకాలు చూసేదాన్ని. దేవుడికి పువ్వులు కోయబోయి బిడ్డకు ముప్పు తెచ్చానే అని కుమిలిపోయాను.

పన్నెండో రోజున వాడికి జ్వరం వచ్చింది. ఆ రాత్రి నాకు కునుకు లేదు. పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాం. ఆవిడ ముందు పిల్లవాణ్ణి ముట్టుకోలేదు. అమ్మాయి రాసుకొచ్చిన తేదీలు చదివింది. అడగవలసినవన్నీ అడిగింది. ఆ తరవాత ఒళ్ళంతా చూసి, గొంతు చూసి, “మామూలు జలుబే” అన్నది. లైమ్ జబ్బయినా తొలిదశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ వంటి మందులతో సాధారణంగా నయమవుతుందనీ, ఆలస్యమైతేనే కీళ్ళకూ, నరాలకూ, గుండెకూ పాకుతుందనీ ధైర్యం చెప్పింది. పాలీ మరేకు ఇలా చదివి వినే డాక్టరు దొరకడానికి ఎన్నేళ్ళు పట్టింది!

ఇది పరదేశపు గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. మన పొరుగున కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు రాలిపోయాయి. చుట్టుపక్కల పల్లెల్లో జనం జ్వరాలతో పడిపోయారు. అక్కడా మోసుకొచ్చింది గోమారే. అది వైరస్ జబ్బు గనుక డాక్సీసైక్లిన్‌కు లొంగదు. పుల్లలకూ ఆకులకూ అడవికి పోయే పేదవాళ్ళకే అది ఎక్కువగా సోకుతుంది.

ముప్పయ్యో రోజు గడిచింది. మోకాలు నున్నగా ఉంది. ఆ సాయంత్రం అమ్మాయి వంటపనిలో ఉంటే, నేనే కళ్ళజోడు పెట్టుకుని మనవణ్ణి నిలబెట్టి చెవుల వెనుక వెతకడం మొదలుపెట్టాను. వాడు కితకితలతో మెలికలు తిరుగుతూ “అమ్మమ్మా, నీకూ భయమేనా?” అన్నాడు.

“భయం కాదురా, లెక్క” అన్నాను.