పేజీలో పేజీ: అమీర్‌పేటలో ఒక పూట

మైత్రీవనం పక్క సందుల్లో జావా, పైథాన్ బోర్డులదే రాజ్యం. హెచ్‌టీఎంఎల్ ఏ మూలనో చిన్నక్షరాల్లో ఉంటుంది. నేను వెళ్లింది ఆ చిన్నక్షరాల క్లాసుకే.

ఆ పూట పాఠం ఐఫ్రేమ్. ఒక వెబ్ పేజీలో గడి కట్టి, వేరే పేజీని తెచ్చి అందులో కూర్చోబెట్టే ట్యాగ్. ఆన్‌లైన్ శుభలేఖలో కల్యాణమండపానికి దారి చూపే గూగుల్ మ్యాపు, వార్త మధ్యలో ఆడే యూట్యూబ్ వీడియో చాలావరకు దీని చలవే. సారు ఒక్క లైను రాసి, చిరునామా ఇచ్చి, కొలతలు వదిలేశారు. తెరమీద అగ్గిపెట్టెంత గడి వచ్చింది. మనం చెప్పకపోతే బ్రౌజర్ ఇచ్చేది 300 పిక్సెళ్ల వెడల్పు, 150 ఎత్తు. 1996లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3తో వచ్చిన ట్యాగ్ ఇది. పేజీని ముక్కలుగా కోసే పాత ఫ్రేమ్‌సెట్‌ను హెచ్‌టీఎంఎల్ 5 సాగనంపినా దీన్ని ఉంచుకుంది. ఈ చరిత్ర పిల్లలకు పట్టలేదు.

వెనక బెంచీ అమ్మాయి గూగుల్ హోమ్ పేజీ చిరునామా ఇచ్చింది. బూడిదరంగు గడి మిగిలింది.

“సార్, నెట్ పోయింది సార్.”

“నెట్ బానే ఉందమ్మా. వాళ్లు ఒప్పుకోలేదు.”

తమ పేజీని ఇతరుల గడిలో చూపొద్దని గూగుల్ సర్వర్ ముందే చెబుతుంది, బ్రౌజర్ ఆ మాట వింటుంది. యూట్యూబ్‌లోనూ మనం వీడియో చూసే చిరునామా గడిలో పనిచేయదు, ‘ఎంబెడ్’ చిరునామా ఇవ్వాలి.

ఇంత పట్టుదల ఎందుకో సారు చేసి చూపించారు. తనే తయారు చేసిన నకిలీ బ్యాంకు పేజీని ఐఫ్రేమ్‌లో పెట్టి, పూర్తిగా పారదర్శకం చేసి, ‘ఉచిత రీఛార్జ్’ బటన్ మీద పరిచారు. ఒక కుర్రాడు ఉత్సాహంగా నొక్కాడు. సారు పారదర్శకత తగ్గించగానే, వాడి వేలు పడింది ‘డబ్బు పంపు’ మీదని తేలింది. క్లాసంతా గొల్లుమంది, వాడు తప్ప. 2008లో రాబర్ట్ హాన్సెన్, జెరెమియా గ్రాస్‌మన్ ఈ మోసానికి క్లిక్‌జాకింగ్ అని పేరుపెట్టారు. నన్నడిగితే పాఠం ఇక్కడే మొదలుపెట్టాలి. కొలతలు ఎవరైనా నేర్చుకుంటారు.

“మరి లోపలి పేజీలో ఏం టైప్ చేస్తున్నారో మన పేజీకి తెలుస్తుందా సార్?”

“వేరే సైటుదైతే తెలీదు. పోర్షన్ అద్దెకిచ్చినట్టే. ఇల్లు మీదే, తాళంచెవి వాళ్లది.”

అద్దెకున్నవాళ్లను నమ్మలేకపోతే శాండ్‌బాక్స్ అనే మాట చేర్చాలట. దాంతో లోపలి పేజీలో స్క్రిప్టులు, ఫారాలు, పాపప్‌లు ఆగిపోతాయి. అవసరమైనవి ఒక్కొక్కటే తెరుచుకోవచ్చు.

ఆ అమ్మాయి వదల్లేదు. “నా పేజీని ఎవరూ ఇలా పెట్టుకోకుండా ఏం రాయాలి సార్?”

“అది పేజీలో రాసేది కాదమ్మా, సర్వర్ పంపాలి. సర్వర్ కోర్సులో చెప్తాం. ఫీజు వేరే.”