మంచి ఇనుము దొరికేదాకా

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాను కట్టలు సరిచేసే కొలుములు, పాత సామాన్ల కొట్లు దాటి లోపలికి వెళితే ఒక చిన్న రేకుల షెడ్డు. అక్కడ జీపులు తప్ప వేరే బండి ముట్టరు. నేను వెళ్లేసరికి మహీంద్రా ఎంఎం 540 ఒకటి బాడీ విప్పేసి, ఒట్టి చాసిస్‌తో స్టాండ్ల మీద ఉంది. డీజిల్ ట్యాంకు, బ్యాటరీ తీసి దూరంగా పెట్టారు. వెల్డింగు జరిగే చోట ఆ రెండూ ఉండకూడదు.

బండి బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల మీద తిరిగింది. మేత బస్తాలు, ఏరేటర్లు మోసింది. ఉప్పునీటి గట్ల మీది బురద చక్రాల నుంచి ఎగిరి చాసిస్ లోపలి అంచుల్లో చేరుతుంది. బురద ఎండినా ఉప్పు పోదు. గాలిలో తేమ తగలగానే మళ్లీ చెమ్మగిల్లుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తినడం ఆగదు.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. చిన్న సుత్తితో చాసిస్ ఎడమ పట్టీని ముందు నుంచి తట్టుకుంటూ వచ్చారు. ఖంగు ఖంగుమంటున్న మోత వెనక కమాను హ్యాంగరు దగ్గరికి వచ్చేసరికి మొద్దుగా మారింది. స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే లోపలికి దిగింది. అక్కడ పట్టీ చానల్‌కి బలం కోసం రెండో ప్లేటు వేసి ఉంది. ఆ రెండింటి మధ్య చేరిన తడికి బయటికి దారి లేదు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పై ప్లేటు ఉబ్బిపోయింది. గ్రైండరు పెట్టి తెరిస్తే మడత కాజాలా పొరలు పొరలుగా ఊడివచ్చింది. పొరల కింద పాత అతుకు ఒకటి! ఎవరో తుప్పు మీదే రేకుముక్క ఆనించి చుట్టూ రాడ్డు లాగేశారు. ఇలాంటి అతుకు కన్నా చిల్లు నయం అంటాను నేను. చిల్లయితే కనీసం కనపడుతుంది.

వెల్డింగు చూద్దామని వెళ్లాను గానీ, మధ్యాహ్నం దాకా చూసింది కోతే. పక్కనే నిలబడ్డ బండి ఆసామికి ఓపిక తగ్గుతోంది.

“ఇంకా కొయ్యాలా మేస్త్రీ?”

“మంచి ఇనుము దొరికిందాకా కొయ్యాల్సిందే బాబూ. పల్చటి అంచుకి ఆనిస్తే కారిపోద్ది, పట్టుకోదు.”

కొయ్యకముందే పట్టీ వంగకుండా యాంగిల్ ముక్కలు చుక్కచుక్కగా టాక్ వేసి బిగించారు. టేపుతో ఐమూలగా రెండు వైపులా కొలిచి, లెక్క నేల మీద సుద్దముక్కతో రాసుకున్నారు. తర్వాత అట్టముక్క కత్తిరించి, చోటికి సరిపెట్టి, అదే కొలతకి ప్లేటు కోశారు. మందం పాత పట్టీదే. ఇంకాస్త లావుది వేస్తే గట్టిగా ఉండదా అని అడిగాను.

“గతుకుల్లో చాసిస్ ఒళ్లు మెలి తిరుగుద్ది సార్. అక్కడొక్కటే బిగదీసుకుంటే పక్కన చిట్లుద్ది.”

ప్లేటు చివరలు నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా కొయ్యడమూ అందుకే. అతుకంతా ఒకే అడ్డగీతలో పడితే పట్టీ అక్కడే విరగడానికి చూస్తుంది.

అప్పుడు సీఓటూ గ్యాసు వెల్డింగు మెషీను లాగారు. కుర్రాడు పరిగెత్తుకెళ్లి ఫ్యాను కట్టేశాడు. బెజవాడ ఎండలో, రేకుల కింద! కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడేది చుట్టూ వచ్చే ఆ గ్యాసే. ఫ్యాను గాలికి అది చెదిరితే అతుకు నిండా సూది బెజ్జాలు పడతాయి. ఎర్త్ క్లాంపుని అతుకు పక్కనే, శుభ్రంగా గీకిన ఇనుముకి పెట్టారు. దూరంగా పెడితే కరెంటు బేరింగుల మీదుగా దారి వెతుక్కుంటుందట. ముందు నాలుగు మూలలా టాకులు, ఆపైన అంగుళం ఇక్కడ, అంగుళం అవతల, మధ్యలో చల్లారనివ్వడం. ఒకే దమ్ములో లాగితే వేడికి పట్టీ గుంజేస్తుంది. ఒకచోట బెజ్జాలు కనపడగానే మేస్త్రి మాట్లాడకుండా గ్రైండరు అందుకుని, ఆ ముక్క మొత్తం అరగదీసి మళ్లీ పోశారు. పూర్తయ్యాక మళ్లీ టేపు పట్టి సుద్ద లెక్కతో సరిచూశారు.

ఇంత తంటా బదులు వేరే చాసిస్ తెచ్చి మార్చేస్తే పోదా? బండి పుట్టుక చాసిస్ మీద కొట్టిన నెంబరులో ఉంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అప్పుడు ఆ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. చాసిస్ మార్చాలంటే అనుమతులు, కాగితాలు, తిరుగుడు. నెంబరున్న ముక్క దగ్గరికి గ్రైండరు పోకుండా మేస్త్రి ముందే గోనెపట్టా కట్టేసి ఉంచారు.

సాయంత్రం అతుకు మీద రెడ్ ఆక్సైడ్ పడింది. చానల్ అడుగున మూసుకుపోయిన నీటి బెజ్జాలు డ్రిల్లుతో తెరిచారు. రంగు ఆరాక లోపలి మూలల్లో మైనం కొట్టమని కుర్రాడికి చెప్పారు. ఆసామి జేబులోంచి డబ్బు తీస్తుంటే మేస్త్రి సుత్తి తీసుకుని కుడి పట్టీ తట్టడం మొదలుపెట్టారు. హ్యాంగరు దగ్గరికి వచ్చి ఆగారు.

“ఇది కూడా తెరవాలి బాబూ. రేపు ఉంటారా, బండి వదిలేసి వెళ్తారా?”