గుడి కన్నా ముందు చెరువు

హనుమకొండ నుంచి ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కాను. పాలంపేట చేరేసరికి జనవరి మంచు ఇంకా విడలేదు. ఆటో అన్న అలవాటు కొద్దీ రామప్ప గుడి ముందు ఆపబోయాడు. "ముందు చెరువు కట్టకు పోనియ్ అన్నా" అంటే వింతగా చూశాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఇక్కడికి వచ్చేవాళ్లంతా గుడి చూసి, ఫొటోలు దిగి వెళ్లేవాళ్లేనట.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. ఆ కాలపు చెరువు నేటికీ వరి పండిస్తోంది. నా లెక్కన శిల్పాలెంత గొప్పవో ఈ కట్టా అంతే గొప్పది. యాసంగికి నీళ్లు వదిలేకొద్దీ అంచున బురద తేలుతుంది, ఉల్లంకి పిట్టలు దిగేది అక్కడే. నిండుగా ఉన్నప్పుడు వస్తే వాటికి కాలు మోపే చోటుండదు.

నడిమి నీళ్లలో సూదితోక బాతులు తలలు ముంచి, తోకలు పైకెత్తి మేస్తున్నాయి. ఉత్తరాసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చినవి. వాటిని చూడాలంటే పులికాట్ దాకా పోనక్కర్లేదు.

నేను వెతుకుతున్నది మాత్రం ఆస్ప్రేని. చేపలే ఆహారమైన గద్ద. ఎక్కువగా ఒంటరిగానే కనిపిస్తుంది. ఎండు చెట్టు కొమ్మ మీద దొరికింది. తెల్లటి తల, కంటి మీదుగా మెడ దాకా నల్లటి పట్టీ. ఉన్నట్టుండి లేచి, నీటిపై ఒకచోట రెక్కలాడిస్తూ ఆగి, కాళ్లు ముందుకు చాచి దభీమని పడింది. పైకి లేచాక ఒళ్లు విదిలించి, చేప తలను ముందుకు తిప్పి పట్టుకుంది. అలాగైతే గాలికి అడ్డు తగలదు. దాని అరికాళ్లకు ముళ్లలాంటి గరుకుదనం ఉంటుంది, వెలుపలి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. జారే చేప తప్పించుకోవడం కష్టం.

వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "చలికాలంల వస్తది సార్. మాకన్న ముందుగాల్నే బోణీ కొడతది."

"మరి తరమరా?"

"ఎందుకు సార్, అది తినేదెంత? నీటికాకులతోనే మా లొల్లి."

ఆ తర్వాతే గుడికి వెళ్లాను.