నూకల ఊరు డకార్

మన ఇళ్లలో నూకలంటే లోకువ. ఉప్మాకో, జావకో, కాదంటే కోళ్లకో తప్ప విస్తట్లోకి రావు. సెనెగల్ రాజధాని డకార్‌లో మాత్రం ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టేది నూకలన్నమే!

కాకినాడలో బియ్యం ఎగుమతి చేసే కంపెనీలో ఓ గుమస్తా... ఇరవై ఏళ్లుగా కాగితాల మీద ‘డకార్’ అని రాస్తూనే ఉన్నారు. 2022 సెప్టెంబరులో ఆగిన నూకల ఎగుమతికి 2025 మార్చిలో మళ్లీ అనుమతి వచ్చింది. కొనేవాళ్లతో మాట్లాడి రమ్మని కంపెనీ పంపితే అప్పుడు చూశారు ఆ ఊరిని.

మొదటిరోజే ఓ వ్యాపారి భోజనానికి పిలిచారు. పెద్ద బేసిను మధ్యలో పెట్టి చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. టొమాటో రసంలో ఉడికిన ఎర్రటి నూకలన్నం, పైన చేపలు, క్యారెట్, క్యాబేజీ, కర్రపెండలం. దాని పేరు ‘చెబుజెన్’. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఫ్రెంచివాళ్లు సెనెగల్ నేలంతా వేరుశనగ వేయించి, తిండికి తమ ఏలుబడిలోనే ఉన్న ఇండోచైనా నుంచి చవక నూకలు తెప్పించారట. అలా పడిన రుచి మరి వదల్లేదు. చివర్లో గిన్నె అడుగున గీకిన మాడుచెక్క అతిథి ముందుకొచ్చింది. చిన్నప్పుడు దానికోసం అన్నదమ్ములతో తగువులాడిన మనిషికి ఇంకేం కావాలి!

శనివారం గోరీ దీవికి వెళ్లారు. రేవు నుంచి ఇరవై నిమిషాలు పడవ. కార్లు లేవు. గులాబీ, కావి రంగు గోడల మీద కాగితం పూలు... ఇంత అందమైన చోటా అనిపిస్తుంది. ఆ సందుల్లోనే ‘బానిసల ఇల్లు’ ఉంది. కింద చీకటి గదులు, వాటి చివర సముద్రంలోకి తెరుచుకునే గుమ్మం. ‘తిరిగిరాని ద్వారం’ అంటారు. ఎంతమందిని అటుగా ఓడలెక్కించారన్న దానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ గుమ్మంలో నిలబడినప్పుడు గుమస్తాగారికి కోరంగి రేవు గుర్తొచ్చింది. బర్మాలో తెలుగువాళ్లని ‘కోరంగీలు’ అనేవారు. వాళ్ల తాతగారి అన్న అలాగే రంగూన్ ఓడెక్కి మళ్లీ రాలేదు. సంకెళ్లతో పోవడం వేరు, కూలికోసం పోవడం వేరు. అది ఆయనకూ తెలుసు. ఇంట్లో మిగిలినవాళ్ల ఎదురుచూపు మాత్రం ఒకేలా ఉంటుందేమో.

ఆదివారం బీచ్‌లు. ఎన్గోర్ దీవికి పడవలో అయిదే నిమిషాలు. కుర్రకారు అలల మీద పలకలేసుకుని తేలుతున్నారు. అక్కడ ఆయన ఎక్కువసేపు ఉండలేదు. చేపల వాసన వచ్చే బీచ్ కావాలన్నారు డ్రైవర్‌తో.

యోఫ్‌లో దొరికింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పూసిన పొడవాటి కర్ర పడవలు ఇసుక మీద బారులు తీరి ఉన్నాయి. ఒక ముసలి జాలరి కూర్చోమని టీ కాచాడు. అక్కడ టీ అంటే మూడు విడతలు. మొదటిది చేదు, చివరిది తీపి. రెండో గ్లాసు దగ్గర డ్రైవర్ మాటలు తర్జుమా చేశాడు. పెద్ద ట్రాలర్లు వచ్చాక ఒడ్డున చేప తగ్గిపోయింది. ఇలాంటి పడవల్లోనే కుర్రాళ్లు 1,500 కిలోమీటర్ల అవతలున్న స్పెయిన్ వారి కానరీ దీవులకు బయల్దేరుతున్నారు. పశ్చిమాఫ్రికా తీరం నుంచి 2006లో అలా 30,000 మందికి పైగా చేరారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ‘బార్సిలోనా... లేదంటే పరలోకం’ అన్నది అక్కడి కుర్రాళ్ల మాట.

ముసలాయన చిన్నకొడుకూ వెళ్లాడు. ఫోన్ రాలేదు.

మీదే ఊరని ఆయన అడిగాడు. గుమస్తాగారు చుట్టూ చూశారు. పక్కన చేపల మీద కప్పిన ఖాళీ గోనె మీద ‘కాకినాడ’ అన్న అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. వేలు పెట్టి చూపించారు. ముసలాయన ఆ గోనెను చూసి, ఆయన్ని చూసి నవ్వాడు. మూడో గ్లాసు పోశాడు.